చెట్టు కొట్టకుండా డ్రైనేజీ పైపుల్లోకి వేర్లు రాకుండా చూసుకోవడం ఎలా

2024 ఏప్రిల్‌లో, బెంగళూరులో బోర్లు ఎండిపోయి ఇంటింటా ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, విజయనగర్‌లోని మా ఇంట్లో వాడిన నీళ్ళు బయటికి పోవడం మానేశాయి. వాషింగ్ మెషీన్ నీళ్ళు వదిలినప్పుడల్లా కమోడ్‌లో గుడగుడమని చప్పుడు వచ్చేది. రెండు రోజులకు బాత్‌రూము నేల మీదికే మురుగు ఎగదన్నింది. అంతకు ముందు ఏడాది కూడా రెండుసార్లు ఇలాగే జరిగితే, ఫోన్ చేసి పిలిపించిన పనివాళ్ళు ఆసిడ్ పోసి, నీళ్ళు కదలగానే డబ్బు తీసుకుని వెళ్ళారు. ఈసారి వచ్చిన పెద్ద వయసు ప్లంబరు సీసా ఏదీ తీయలేదు. గేటు దగ్గరి చాంబరు, అంటే మురుగు లైను మీద చూసుకోవడానికి కట్టిన గుంత, మూత ఎత్తించి, పొడవాటి వెదురు బద్దను పైపులోకి తోసి, మెలితిప్పి లాగి, "బేరు బందిదె సార్" అన్నాడు. కన్నడంలో బేరు అన్నా మనం వేరు అన్నా ఒకటే మాట.

అతడు లాగినది మూరెడు పొడవున్న సవరంలా ఉంది. ఒక కొసన పెన్సిలంత లావు వేరు, అక్కడి నుంచి వందలాది గోధుమరంగు దారాలుగా చీలి, కొసలకు వచ్చేసరికి తల వెంట్రుకకన్నా సన్నగా ఉంది. ఆ చిక్కులో అన్నం మెతుకులు, సబ్బు జిడ్డు, ఒక షాంపూ సాచే ముక్క ఇరుక్కుని ఉన్నాయి. ఇంటి ముందు ఫుట్‌పాత్ మీదున్న కానుగ చెట్టు వేరు అది. పక్కింటివారు చెట్టు కొట్టించమన్నారు. కొట్టించలేదు, కొట్టించవలసిన అవసరమూ రాలేదు. ఆ తరువాత లైను ఎలా బాగుచేయించామో, ఆ పనిలో ఏం నేర్చుకున్నామో ఇక్కడ వరుసగా రాస్తున్నాను. పాత ఇల్లు, ఇంటి ముందో వెనుకో చెట్టు ఉన్న ప్రతి తెలుగు కుటుంబానికీ ఇది పనికివస్తుందని నా నమ్మకం.

వేరు పైపులోకి ఎలా వస్తుందో ముందు తెలుసుకోండి

గట్టిగా ఉన్న పైపును వేరు పొడుచుకుని లోపలికి రాదు. పాత పైపు అతుకుల్లోంచి నీరు చెమరుస్తూ ఉంటుంది, ఆ చుట్టూ మట్టి ఎప్పుడూ తడిగా ఉంటుంది, ఆ తడిలో చెట్టుకు కావలసిన నత్రజని, భాస్వరం కూడా ఉంటాయి. మట్టిలో అన్ని వైపులా పాకే సన్నవేర్లలో ఏ ఒక్కటి ఆ తడిని తాకినా, అక్కడే కొమ్మలు వేసి దట్టంగా పెరుగుతుంది. వెంట్రుకంత సందు దొరికితే చాలు, కొస లోపలికి దూరుతుంది. పైపు లోపల గాలి, నీరు, ఎరువు మూడూ ఉంటాయి గనుక లోపలి భాగం జడలా అల్లుకుంటుంది, సందులో ఇరుక్కున్న భాగం లావెక్కుతూ అతుకును మరింత తెరుస్తుంది. అంటే పగులు ముందు వస్తుంది, వేరు తరువాత వస్తుంది. ఈ వరుసను మనసులో పెట్టుకుంటే దేని మీద ఖర్చు పెట్టాలో, దేని మీద అక్కరలేదో మీకే తేలిపోతుంది.

బెంగళూరు పాత ఇళ్ళలో ఈ బాధ ఎక్కువగా ఉండటానికి కారణం పైపులే. 1980లు, 90లలో కట్టిన ఇళ్ళలో చాలావాటికి గేటు దాకా గోధుమరంగు స్టోన్‌వేర్ పైపులు, అంటే కాల్చిన మట్టి పైపులు, వేశారు. ఆ పైపు సాధారణంగా రెండడుగుల పొడవే ఉంటుంది. 30×40 అడుగుల సైటులో వెనుక గోడ నుంచి ముందు గేటు దాకా నలభై అడుగుల లైను అంటే ఇరవై అతుకులు. ఒక్కో అతుకులో జనపనార కూరి, పైన సిమెంటు మాలు పూసి వదిలేవారు. ముప్పై నలభై ఏళ్ళలో నార కుళ్ళిపోతుంది, నేల కాస్త కుంగితే మాలు చిట్లుతుంది. మరోవైపు ఇదే కాలంలో నగరంలో వీధి చెట్లు విరివిగా పెరిగాయి. 1980లలో అటవీ అధికారి ఎస్.జి. నెగిన్‌హాళ్ ఆధ్వర్యంలో లక్షల మొక్కలు నాటారు. ఆ నీడలోనే మనం ఇవాళ నడుస్తున్నాము. అయితే ఫుట్‌పాత్‌లను మాను మొదలు దాకా సిమెంటు బిళ్ళలతో మూసేయడంతో వాన నీరు ఆ చెట్ల వేళ్ళకు అందడం లేదు. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో ఆ వీధిలో తడి ఉన్న చోటు కారుతున్న మన పైపు ఒక్కటే అయితే, చెట్టు అటు రావడం సహజం.

అడ్డం చెట్టు వేరు వల్లనా, మరోదాని వల్లనా అని తేల్చుకోండి

ఒక్క సింకో ఒక్క బాత్‌రూమో మాత్రమే నెమ్మదిగా పారుతుంటే అది వేరు పని కాకపోవచ్చు. వంటింటి సింకు కింది వంపులో, అంటే ట్రాప్‌లో, నూనె గడ్డకట్టి ఉంటుంది, లేదా బాత్‌రూము నేలలోని నహానీ ట్రాప్‌లో జుట్టు చేరి ఉంటుంది. దాన్ని ఊడదీసి కడిగితే సరిపోతుంది. ఇంట్లోని అన్ని చోట్లా పారుదల ఒకేసారి మందగిస్తే, పై అంతస్తులో స్నానం చేస్తుంటే కింది కమోడ్‌లో బుడగలు వస్తే, అడ్డం తీయించిన కొద్ది నెలలకే మళ్ళీ అదే చోట నిలిస్తే, అప్పుడు ప్రధాన లైనును అనుమానించండి. ఎండాకాలంలో పెరట్లో గడ్డి అంతా మాడిపోయినా ఒక చార మాత్రం పచ్చగా నిలిచి ఉండటం, లైను మీది గచ్చు ఒకచోట కుంగడం కూడా గుర్తులే.

ఆ తరువాత చాంబరు మూత తెరిచి చూడండి. మూత తీసిన వెంటనే లోపలికి వంగకండి. పది పదిహేను నిమిషాలు గాలి ఆడనివ్వండి, దగ్గర బీడీ, అగ్గిపుల్ల వెలిగించనివ్వకండి. టార్చి వెలుతురులో పైపు నోటి దగ్గర, చాంబరు గోడ మూలల్లో గోధుమరంగు పీచు వేలాడుతూ కనిపిస్తే సందేహం లేదు. కొబ్బరి చెట్టు వేర్లు మామిడి, కానుగ వేర్లలాగా ఏటేటా లావెక్కవు. సన్నగా ఉంటూనే గుంపుగా వచ్చి పైపు నింపేస్తాయి గనుక, పీచు సన్నగా ఉంది కదా అని తేలికగా తీసుకోవద్దు.

లైను ఎటు పోతోందో గీసి పెట్టుకోండి

ఈ పని అందరూ దాటవేస్తారు, తరువాత గచ్చంతా తవ్వుకుంటారు. ఒక కాగితం మీద ఇంటి నక్షా గీసి, ప్రతి చాంబరునూ, వాడిన నీళ్ళు ఇంటి బయట పడే గల్లీ ట్రాప్‌నూ, చెట్లనూ గుర్తించండి. ఏ గది నీళ్ళు ఏ చాంబరులోకి పోతున్నాయో తెలియకపోతే బట్టలకు వేసే నీలిమందు బకెట్టు నీళ్ళలో కలిపి ఒక్కో గదిలో పోయించి, చాంబరు దగ్గర ఒకరు నిలబడి చూడండి. నీలం నీరు ఎంతసేపటికి వచ్చిందో కూడా రాసుకోండి. రావలసిన చోటికి రాకపోతే, మధ్యలో ఎక్కడో మట్టిలోకి ఇంకిపోతోందన్నమాట. మా ఇంట్లో రెండో చాంబరు దాటిన నీలం నీటిలో సగమైనా గేటు దగ్గరికి రాలేదు. సరిగ్గా ఆ మధ్యలోనే కానుగ వేరు దొరికింది.

చాంబరు మీద చాంబరు చూస్తూ పోతే అడ్డం ఏ రెండింటి మధ్య ఉందో తెలుస్తుంది. పైనున్నది నిండి, కిందిది ఎండి ఉంటే, అడ్డం ఆ రెండింటి నడుమ ఉన్నట్టు. గేటు దగ్గరి ఆఖరి చాంబరు కూడా నిండి ఉండి, వీధి మ్యాన్‌హోలు పొంగుతూ ఉంటే అది మీ లైను లోపం కాదు. అప్పుడు బెంగళూరు జలమండలి, అంటే బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ, సహాయవాణి 1916కు ఫిర్యాదు చేయండి. వీధి యూజీడీ లైను, అంటే భూగర్భ మురుగు లైను, శుభ్రం చేసే జెట్టింగ్ యంత్రాలు వారి దగ్గరుంటాయి.

ముందు అడ్డం తీయించండి, మనిషిని మాత్రం దింపకండి

వేరును తీయడానికి మూడు పద్ధతులున్నాయి. వెదురు బద్ద లేదా ఇనుప రాడ్లు పీచును కొంత లాగుతాయి, దారి చేస్తాయి, అంతే. స్ప్రింగు తీగ కొసకు కోసే బ్లేడు తగిలించి మోటారుతో తిప్పే యంత్రం వేరును పైపు లోపలి గోడ దాకా కోస్తుంది. అధిక పీడనంతో నీరు చిమ్మే జెట్టింగ్ ఆ తుక్కును, జిడ్డును కడిగి పంపుతుంది. కోసిన తరువాత జెట్టింగ్ చేయించడం మంచిది, లేకపోతే కోసిన ముక్కలు కొట్టుకుపోయి కింది వంపులో మళ్ళీ అడ్డం పడతాయి. పాత స్టోన్‌వేర్ పైపుల్లో జెట్టింగ్ పీడనాన్ని తగ్గించి పెట్టమని పనివాడికి ముందే చెప్పండి, వదులైన అతుకు పూర్తిగా ఊడిపోయే ప్రమాదం ఉంది. కింది చాంబరులో ఒక ఇనుప జల్లెడ నిలబెట్టి, వచ్చిన వేరు తుక్కును అక్కడే ఎత్తించండి.

శుభ్రం అయ్యాక, లైను మళ్ళీ మురికి కాకముందే కెమెరా వేయించండి. తీగ కొసన ఉండే చిన్న కెమెరా పైపులో పాకుతూ ఏ అతుకు దగ్గర వేరు దూరిందో, పైపు ఎక్కడ పగిలిందో, ఎక్కడ కుంగి నీరు నిలుస్తోందో చూపిస్తుంది. తీగ మీది కొలతను బట్టి చాంబరు నుంచి ఎన్ని అడుగుల దూరమో రాసుకుని నక్షా మీద గుర్తు పెట్టండి. ఒక్కచోటే లోపం ఉందా, లైను పొడవునా ఉందా అన్నది తేలకుండా తవ్వడం మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇంతకన్నా గట్టిగా చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. ఎంత తొందరగా ఉన్నా, ఎంత తక్కువ కూలికి ఒప్పుకున్నా, మ్యాన్‌హోలులోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ మనిషిని దింపవద్దు. అక్కడ చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగేసరికి వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. వాసన లేదని లోపలికి దిగినవాడు అక్కడికక్కడే స్పృహ తప్పుతాడు, అతణ్ణి లాగడానికి దిగిన రెండోవాడూ పోతాడు. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలోకి మనిషిని దింపడం 2013లో వచ్చిన చట్టం ప్రకారం నేరం, దింపించిన ఇంటివారు కూడా అందులో బాధ్యులే. బెంగళూరుకు అంత దూరం కాని కోలారు బంగారు గనుల ఊరిలో, పారిశుద్ధ్య పనిచేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ పనిని రూపుమాపడానికే జీవితమంతా పోరాడుతున్నారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. మన గేటు ముందు ఆ పని జరగకుండా చూడటం మన చేతిలో ఉంది.

పైపులో పోయకూడనివి

ఆసిడ్ పోయవద్దు. ఆసిడ్ వేరు కొసలను కాల్చినట్టే కనిపిస్తుంది, నీరు కదులుతుంది, కానీ అది సిమెంటును కరిగించే పదార్థం. అతుకులో మిగిలిన కాస్త మాలు కూడా దాంతో కరిగి, మరుసటి ఏడాది వేరుకు ఇంకా పెద్ద సందు దొరుకుతుంది. మా లైనులో రెండుసార్లు ఆసిడ్ పోయించిన ఫలితం కెమెరాలో స్పష్టంగా కనిపించింది. గేటు వైపు అతుకుల్లో మాలు గుర్తుకైనా మిగలలేదు. పైగా బ్లీచింగ్ పౌడరు వేసిన లైనులో ఆసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, మూసి ఉన్న బాత్‌రూములో అది ప్రాణాంతకం.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, గురించి చాలామంది అడుగుతారు. అది తగిలిన వేరును చంపుతుందన్నది నిజమే. అయితే పారే నీటితో వేగంగా కొట్టుకుపోయి వేరుకు తగలడమే తక్కువ, మిగిలిన రాగి చెరువులకు చేరి చేపలకు విషం అవుతుంది, సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్ళలో మురుగును కరిగించే సూక్ష్మజీవులను చంపుతుంది. ఏ మందు పోసినా సందు సందుగానే ఉంటుంది గనుక నేను దీన్ని సిఫారసు చేయను. ఉప్పు బస్తాలు పోయడం అంతకన్నా తప్పు, ఆ మట్టిలో ఆ తరువాత ఏ మొక్కా సరిగ్గా బతకదు.

అతుకులు మూయడమే అసలు పని

కోసిన వేరు చావదు. కోసిన చోట నుంచి మరిన్ని పిలకలు వేస్తుంది, ఏడాది రెండేళ్ళలో మళ్ళీ పైపు నిండుతుంది. కాబట్టి శుభ్రం చేయించి ఊరుకుంటే అది ఏటా కట్టే కప్పం అవుతుంది. దెబ్బతిన్నది ఒక్క అతుకే అయితే అంత మేర తవ్వి బాగుచేయించవచ్చు. రెండు మూడు చోట్ల వేరు కనిపిస్తే మాత్రం, ఒక చాంబరు నుంచి మరో చాంబరు దాకా మొత్తం పైపు మార్పించడమే మంచిది. కొత్త పీవీసీని పాత స్టోన్‌వేర్‌కు మట్టి కింద సిమెంటుతో అతికిస్తే, ఆ అతుకే వచ్చే ఏటికి వేరు దారి అవుతుంది. చాంబరు నుంచి చాంబరు దాకా మారిస్తే రెండు రకాల పైపులు మట్టిలో కలుసుకోవలసిన అవసరమే రాదు.

పైపు కొనేటప్పుడు దుకాణంలో ఇచ్చినది తెచ్చుకోకుండా పైపు మీది అచ్చు చదవండి. భూమి కింద మురుగుకు వాడే యూపీవీసీ పైపుకు ఐఎస్ 15328 అని భారతీయ ప్రమాణం సంఖ్య ఉంటుంది, గట్టిదనాన్ని ఎస్‌ఎన్2, ఎస్‌ఎన్4, ఎస్‌ఎన్8 అని గుర్తిస్తారు. కారు ఎక్కే చోట ఎస్‌ఎన్8 తీసుకోండి. ఇంటి గోడల వెంట దిగే ఎస్‌డబ్ల్యూఆర్ (మురుగు, వాడిన నీరు, వాన నీరు పోయే) పైపులకు ఐఎస్ 13592 ఉంటుంది, వాటిలో 'ఎ' (A) రకం వాన నీటికీ గాలి గొట్టానికీ, 'బి' (B) రకం మురుగుకూ ఉద్దేశించినవి. ధర తక్కువని 'ఎ' రకం పైపును మట్టిలో పూడ్చే మేస్త్రీలు ఉన్నారు, జాగ్రత్త. పీవీసీ పైపు ఆరు మీటర్ల పొడవులో దొరుకుతుంది గనుక, ఇరవై అతుకులు ఉన్న చోట రెండు మూడు అతుకులతో పని అయిపోతుంది. వేరు తాకిడి తగ్గడానికి పైపు గట్టిదనం కన్నా ఈ లెక్కే ఎక్కువ పనిచేస్తుంది. అతుకుల్లో రబ్బరు రింగు పద్ధతి ఉంది, సాల్వెంట్, అంటే పీవీసీ జిగురు, పూసి అతికించే పద్ధతి ఉంది. రింగు సరిగ్గా కూర్చోకపోతే వేరు దాని పక్కనుంచి దూరగలదు. చెట్టుకు దగ్గరున్న భాగంలో నేను సాల్వెంట్‌నే కోరుకుంటాను. రెండు వైపులా దుమ్ము తుడిచి, పూసిన వెంటనే లోపలికి దాకా నెట్టి, అర నిమిషం కదలకుండా పట్టుకోమనండి.

వాలు ఎంత ఉండాలో మేస్త్రీతో ముందే మాట్లాడుకోండి. నాలుగు అంగుళాల పైపుకు 40కి 1, ఆరు అంగుళాల పైపుకు 60కి 1 అన్నది పాతకాలం నుంచి వాడుకలో ఉన్న లెక్క. అంటే పన్నెండు మీటర్ల నాలుగంగుళాల లైనుకు రెండు చివరల మధ్య 30 సెంటీమీటర్ల దిగుడు ఉండాలి. కంటి అంచనా మీద వదిలేయకుండా నీళ్ళు నింపిన సన్నగొట్టంతో మట్టం చూసే ట్యూబ్ లెవెల్ పట్టించి, రెండు చాంబర్ల దగ్గరా గుర్తులు వేయించండి. మధ్యలో ఎక్కడ పైపు కుంగి నీరు నిలిచినా అక్కడ జిడ్డు పేరుకుంటుంది. గాడి అడుగున రాళ్ళు ఏరించి, పది సెంటీమీటర్ల ఇసుక పరిపించి, పైపు పొడవునా ఆ ఇసుక మీద ఆనేలా వేయించండి. ఇటుక ముక్కల మీద పైపు నిలబెట్టడం పెద్ద తప్పు. చెట్టుకు బాగా దగ్గరగా పోయే భాగంలోనూ, కారు చక్రాలు తొక్కే చోటా పైపు చుట్టూ 10 నుంచి 15 సెంటీమీటర్ల కాంక్రీటు వేయిస్తే పైపు కదలదు, అతుకుకు రెండో తొడుగు ఉన్నట్టు అవుతుంది.

గాడి పూడ్చకముందే నీటి పరీక్ష తప్పనిసరిగా చేయండి. కింది చాంబరు వైపు పైపు నోటిని మూత పెట్టి బిగించి, పై చాంబరులో పైపు పూర్తిగా మునిగేలా నీళ్ళు నింపి, నీటి మట్టం దగ్గర సుద్దతో గీత గీయండి. కొత్త ప్లాస్టరింగు కాస్త నీరు పీలుస్తుంది గనుక మొదట కొంతసేపు ఆగి, మళ్ళీ గీతదాకా నింపి, అప్పటి నుంచి అరగంట చూడండి. మట్టం దిగితే చేతితో ప్రతి అతుకునూ తడిమి చూడండి, తడి తగిలిన చోటు విప్పించి మళ్ళీ వేయించండి. మా మేస్త్రీ "ఏమీ కాదు సార్, పూడ్చేద్దాం" అని రెండుసార్లు అన్నాడు. పరీక్షలో ఒక అతుకు చెమర్చింది. ఆ రోజు పూడ్చి ఉంటే కానుగ వేరు మూడేళ్ళలో దాన్ని కనిపెట్టేది.

చాంబరు గోడ మరిచిపోకండి

పైపు ఎంత మంచిదైనా, అది చాంబరు గోడలో దూరే చోట సందు ఉంటే వేరు అక్కడి నుంచే వస్తుంది. పీవీసీ నున్నగా ఉంటుంది, సిమెంటు దానికి అంటుకోదు. అందుకు ఒక సులువైన ఉపాయం ఉంది. గోడలో ఉండబోయే పైపు భాగానికి పైనంతా సాల్వెంట్ పూసి, ఆరకముందే పొడి ఇసుక చల్లండి. ఇసుక పట్టుకుని గరుకుగా తయారవుతుంది, ఆ తరువాత మాలు గట్టిగా కరుచుకుంటుంది. చాంబరు లోపలి ప్లాస్టరింగులో వాటర్‌ప్రూఫ్ ద్రావణం కలిపించండి, వీలైతే ఇటుక గోడకు బయటి వైపు కూడా పూయించండి. చాంబరు అంచుల్లో రావి, మర్రి మొలకలు కనిపిస్తే రెండాకులు ఉన్నప్పుడే వేరుతో సహా పెరికేయండి. పిట్టలు వేసిన గింజలవి, నాలుగు నెలలు ఆగితే ఇటుకల మధ్యకు దిగిపోతాయి.

వేరుకు అడ్డుగోడ, చెట్టుకు అపకారం చేయకుండా

పైపుకూ చెట్టుకూ మధ్య అడ్డుతెర పాతించడం ఇంకో రక్షణ. అనంతపురం, చిత్తూరు, కోలారు రైతులు నీటికుంటల్లో పరిచే నల్లని హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు ఇందుకు పనికివస్తుంది. అయితే కుంటలకు ఎక్కువగా వాడే 500 మైక్రాన్ల షీటు దీనికి పలచన, 1000 మైక్రాన్లు లేదా అంతకన్నా మందమైనది అడగండి. పైపుకు ఒక అడుగు దూరంలో చెట్టు వైపున సన్నటి గాడి తవ్వి, షీటును నిలువుగా, పైపు అడుగుకన్నా జానెడు లోతుకు దిగేలా నిలబెట్టి, పై అంచును నేల మీదికి రెండంగుళాలు రానివ్వండి. అంచు మట్టిలో కప్పుకుపోతే వేరు దాని మీదుగా దాటుతుంది. రెండు ముక్కలు కలిపే చోట కనీసం ఒక అడుగు ఒకదానిపై ఒకటి మడిచి అతికించండి.

ఈ గాడి తవ్వేటప్పుడు చెట్టు ప్రాణం మీ చేతుల్లో ఉంటుంది. ఒక తాడును మాను చుట్టూ ఒక చుట్టు చుట్టి, ఆ పొడవు తాడును మొదలు నుంచి నేల మీద పరచండి. ఆ తాడు పొడవు లోపల లావు వేరు ఏదీ కోయవద్దు. తాడు రెండింతల దూరంలో ఉండగలిగితే ఇంకా మంచిది. ఆ లావు వేర్ల మీదే చెట్టు నిలబడి ఉంటుంది, వాటిని ఒక పక్కన నరికితే మే నెల గాలివానలో చెట్టు మీ ఇంటి మీదికో పక్కవారి కారు మీదికో ఒరుగుతుంది. కోయక తప్పని సన్నవేర్లను రంపంతో నున్నగా కోయించండి. జేసీబీ పళ్ళతో చీల్చిన వేరు కుళ్ళి లోపలికి తెగులు పాకుతుంది. వీధి చెట్టైనా, మీ కాంపౌండులోని చెట్టైనా కొట్టించాలంటే కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం, 1976 ప్రకారం సాధారణంగా ట్రీ ఆఫీసరు అనుమతి కావాలి. రోడ్డో ఫుట్‌పాతో తవ్వాలంటే నగర పాలిక అనుమతి వేరుగా తీసుకోవాలి.

అదే సమయంలో చెట్టుకు తాగడానికి మరో చోటు చూపించండి. మొదలు చుట్టూ ఉన్న సిమెంటు బిళ్ళలు వార్డు ఇంజినీరుతో మాట్లాడి తీయించి, ఒక మీటరు మేర మట్టి కనిపించేలా చేసి, ఎండాకులు పరచండి. వేసవిలో వారానికి ఒకసారి ఆర్‌ఓ యంత్రం వదిలే నీళ్ళో, కూరగాయలు కడిగిన నీళ్ళో నాలుగు బకెట్లు అక్కడ పోయండి. దీంతో వేర్లు పైపు వైపు అసలు రావని నేను చెప్పను, కానీ ఎండిన నేలలో ఒక్క కారే పైపు మాత్రమే మిగిలిన స్థితి తప్పుతుంది.

కొత్తగా నాటేవారు

రావి, మర్రి, మేడి, జువ్వి జాతులను, నీడ కోసం పెంచే ఫైకస్ మొక్కలను 30×40 సైటులో నేలలో పెట్టవద్దు, వాటికి గుడి, చెరువు గట్టు, పార్కు తగిన చోట్లు. తురాయి, నిద్రగన్నేరు కూడా పెద్ద స్థలాల చెట్లే. మామిడి, కానుగ, మునగ వంటివి లైనుకు కనీసం ఆరు మీటర్ల దూరంలో ఉండాలి, అంత చోటు లేకపోతే నాటకపోవడమే మేలు. కరివేపాకు, మందారం, నందివర్ధనం, మల్లె, నిమ్మ చిన్న ఇళ్ళకు సరిపోతాయి, అయినా చాంబరుకు రెండు మూడు మీటర్లు ఎడంగా పెట్టండి. అరటిని వాడిన నీళ్ళ దగ్గర పెట్టడం మన అలవాటు. పైపు పాతదైతే ఆ అలవాటు ఇక్కడ వద్దు. ఇంకుడు గుంట తవ్వేటప్పుడు కూడా దాన్ని మురుగు లైనుకు దూరంగా, చెట్టు వైపుగా పెట్టించండి, వాన నీటి గొట్టాన్ని యూజీడీలో ఎప్పుడూ కలపవద్దు.

ఏటా రెండుసార్లు

ఎండలు ముదిరే ముందు ఫిబ్రవరిలో ఒకసారి, వానలు వెనుకబట్టాక డిసెంబరులో ఒకసారి చాంబరు మూతలన్నీ తెరిచి చూడండి. ప్రతి చాంబరులో రెండు బకెట్ల నీళ్ళు ఒక్కసారిగా పోసి, కిందిదానిలోకి ఎంత వేగంగా వచ్చాయో చూస్తే చాలు. పీచు కనిపిస్తే చేతికి దట్టమైన రబ్బరు తొడుగు వేసుకుని లాగేయండి, ఎక్కడ కనిపించిందో తేదీతో సహా నక్షా మీద రాయండి. ఒకే చోట రెండుసార్లు కనిపిస్తే అక్కడ అతుకు పోయిందని అర్థం, కెమెరా వేయించండి. వంటనూనెను సింకులో పోయకుండా పాత సీసాలో పట్టి పెట్టమని ఇంట్లో అందరికీ, పనిమనిషికి కూడా చెప్పండి. చిన్న పీచుకు నూనె తోడైతేనే అది పూర్తి అడ్డంగా మారుతుంది.

ఆ నక్షాను ప్లాస్టిక్ కవరులో పెట్టి కరెంటు మీటరు పెట్టె లోపల అంటించి ఉంచండి. మీరు ఊళ్ళో లేనప్పుడు అద్దెకు ఉన్నవారో, మీ తరువాత ఇల్లు చూసుకునే పిల్లలో ప్లంబరును పిలిస్తే, అతడు మొదట తెరవవలసిన చాంబరు ఏదో ఆ కాగితం చూసి చెప్పగలుగుతారు.